చీమ పాకిందని చెప్పాను

ఆ అమ్మాయి మా ల్యాబ్‌లో చేరిన మూడో వారానికల్లా కిటికీ పక్కనున్న మైక్రోస్కోప్ ఆమెదైపోయింది. ఎవరూ నా దగ్గర్నుంచి లాక్కుని ఇవ్వలేదు. జ్వరమొచ్చి నేను రెండ్రోజులు సెలవు పెట్టాను, అంతే. తిరిగొచ్చి కూర్చుని కళ్ళు ఆనిస్తే, ఒక్కటిగా కనబడాల్సిన వెలుగు రెండు ముక్కలుగా కనబడింది. కళ్ళు పెట్టి చూసే ఆ రెండు గొట్టాల మధ్య దూరాన్ని ఎవరి కళ్ళకు తగ్గట్టు వాళ్ళు సరిచేసుకోవాలి. ఏళ్ళ తరబడి అది నా కళ్ళ దూరానికే నిలిచి ఉండేది. ఇప్పుడు కొంచెం దగ్గరికి జరిగి ఉంది. ఆమె మొహం నా మొహం కంటే చిన్నది.

మళ్ళీ నా కొలతకు తిప్పుకున్నాను. మధ్యాహ్నం టీ తాగి వచ్చేసరికి అది మళ్ళీ దగ్గరికి జరిగి ఉంది.

నేను పనిచేసేది పుదుచ్చేరిలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో, పరాన్నజీవుల విభాగంలో. మనుషుల పేగుల్లోనూ రక్తంలోనూ కాపురం పెట్టే పురుగుల్నీ, వాటి గుడ్లనీ, పిల్లల్నీ వెతికి పట్టుకోవడం మా పని. మా దగ్గరికి వచ్చే డబ్బాల్లో ఎక్కువగా ఉండేది మలం. చుట్టాల పెళ్ళిళ్ళలో "ఏం ఉద్యోగం?" అని అడిగితే "ఆసుపత్రిలో" అని ఊరుకుంటాను. మా ఆయనకు బజారులో నోటు పుస్తకాలు, పెన్నులు అమ్మే దుకాణం ఉంది. అక్కడికి వచ్చినవాళ్ళకు ఆయన కూడా అంతవరకే చెబుతాడు.

కానీ ఆ గది లోపల నేను మామూలు మనిషిని కాదు. నాకు పని నేర్పిన పెద్దాయన రిటైరైపోతూ, ఈమె కంటికి చిక్కనిది ఏదీ లేదని అందరి ముందూ అన్నాడు. గాజు పలక మీద ఎడమవైపు ఒక చుక్క ఉప్పునీళ్ళు, కుడివైపు ఒక చుక్క అయోడిన్. అగ్గిపుల్ల కొసంత నమూనా తీసి రెండింట్లోనూ కలిపి, పైన పల్చటి గాజు ముక్క కప్పి, ఒక మూల నుంచి మొదలుపెట్టి వరసలు వరసలుగా చూసుకుంటూ పోవాలి. ఎక్కడా వరస తప్పకూడదు. అందులో తినీ తినని కూరగాయల నారలుంటాయి, గాలి బుడగలుంటాయి, నూనె బొట్లుంటాయి. గుడ్డులా కనబడే ప్రతిదీ గుడ్డు కాదు. చదువుకునే డాక్టర్లు తెల్లమొహం వేసినప్పుడు "అక్క చూసిందా?" అని అడిగేవాళ్ళు. ఆ మాట వినడానికే నేను పొద్దున్నే లేచి, వంట చేసి పెట్టి, ఉప్పళం నుంచి నడిచి పనికి వచ్చేదాన్నేమో అని ఇప్పుడనిపిస్తుంది.

ఆ అమ్మాయికి ఇరవై అయిదేళ్ళుంటాయి. నెల్లితోపులో ఉంటుంది. వాళ్ళ నాన్నది సర్కారు ఉద్యోగం. నేను డిప్లొమాతో ఆగిపోయాను, ఆమె ఎమ్మెస్సీ చదివి వచ్చింది. మొదటిరోజు నేను ఫోన్‌లో మా ఆయనతో మాట్లాడుతుంటే విని, పెట్టేదాకా ఆగి పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, మీరు మనోళ్ళా! ఈడ తెలుగు మాట్లాడేది ఎవురూ లేరనుకున్నా."

నాకెంత సంతోషం వేసిందో. అన్నేళ్ళూ ఆ గదిలో నాతో తెలుగు మాట్లాడిన మనిషి లేదు. ఆమె తెలుగూ నా తెలుగులాంటిదే, సగం అరవం. ఇంట్లో మాట్లాడతారు గానీ వాళ్ళింట్లో ఎవరికీ తెలుగు అక్షరాలు రావు. నాకు మా నాయనమ్మ నేర్పింది. ఇప్పుడు నేను రాస్తున్న ఈ కాగితాలు ఆమె చేతికి దొరికినా ఏమీ అర్థం కాదు. అందుకే ఇంత ధైర్యంగా రాస్తున్నానేమో.

రెండు వారాలు మేం కలిసి అన్నం తిన్నాం. నా నిమ్మకాయ పులిహోర ఆమెకు, వాళ్ళమ్మ పెట్టిన కారం దోసెలు నాకు. మీరు పోయి నువ్వు అయింది. ఆ తర్వాత ఒకరోజు నేను 'ఏమీ కనబడలేదు' అని రాసి పక్కన పెట్టిన స్లైడును ఆమె నేర్చుకోవడానికని తీసుకుని చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత నా దగ్గరకు వచ్చి, పక్కవాళ్ళకు తెలియకుండా తెలుగులో, మెల్లిగా చెప్పింది.

"అక్కా, ఒకటి ఉన్నట్టుండాది. నాకు సరిగ్గా తెలీదు. ఇంకోసారి చూస్తావా?"

ఉంది. పురుగు గుడ్డే, కోడిగుడ్డు ఆకారంలో, లోపల నాలుగు చుక్కలతో, అచ్చంగా పుస్తకంలో బొమ్మలా ఉంది. నా కళ్ళ కింద నుంచే జారిపోయింది. "మంచిదే, దిద్దుతాలే" అన్నాను. ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే నేను కోప్పడి మర్చిపోయేదాన్ని. చెప్పకపోవడమే నా కడుపులో నిప్పులా కూర్చుంది.

అప్పటికి నాకు నలభై ఏడు. దగ్గరి చూపు తగ్గి కళ్ళజోడు వచ్చింది. జోడుతో గొట్టాలకు కళ్ళు ఆనిస్తే అద్దానికి ఆవిరి పడుతుంది, తీసేస్తే అంచులు అలుక్కుపోతాయి. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా దాచిన కొద్దీ ఆమె కళ్ళ మీద నా కన్ను పడింది. కాటుక లేని, పెద్దవి కూడా కాని, మామూలు కళ్ళు. సాయంత్రం అయిదు గంటలకు కూడా ఎర్రబడవు.

తర్వాతంతా మెట్టు తర్వాత మెట్టు. చదువుకునే డాక్టర్లు "అక్క చూసిందా?" అనడం మానలేదు గానీ, ఆ అక్క ఎవరో మారిపోయింది. నాకంటే చిన్న పిల్లను అక్క అనే తొందరేమిటి వాళ్ళకు? మా డిపార్ట్‌మెంట్ పెద్ద మేడమ్, నేనెంతో గౌరవించే మనిషి, ఫోన్‌తో మైక్రోస్కోప్ ఫొటోలు తీయడం ఆ అమ్మాయికే అప్పగించారు. రోజూ గ్రూపులో ఒక ఫొటో వచ్చేది. కింద అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టేవాళ్ళు. నేనూ పెట్టేదాన్ని. పెట్టి, ఫోన్ బోర్లించేదాన్ని.

ఆమె తప్పుల కోసం కాచుకుని కూర్చోవడం కూడా మొదలుపెట్టాను. ఒకసారి రంగుసీసా మూత సరిగ్గా పెట్టక బల్లంతా ఊదా రంగైంది. నవ్వుతూ, సరదాగా చెబుతున్నట్టు మేడమ్ దగ్గర చెప్పాను. మేడమ్ కూడా నవ్వి, "చిన్న పిల్ల కదా, నేర్పించండి" అన్నారు. నేర్పించాల్సింది ఏమిటో నాకే తెలియలేదు.

ఇంట్లో అన్నం వడ్డిస్తూ కూడా ఇదే గొడవ. ఒకరోజు మా ఆయన చెయ్యి ఆపి అడిగాడు.

"ఏంది, ఈరోజు కూడా ఆ పిల్ల సంగతేనా? ఆ పిల్ల బాగా చూస్తే నీకు పని తగ్గింది గదా. మంచిదే గదా."

"నీ దుకాణం పక్కనే ఇంకొకడు వచ్చి అవే నోటు పుస్తకాలు నీకంటే చక్కగా పేర్చి అమ్మితే, మంచిదే గదా అంటావా?"

ఆయన పెరుగు గిన్నె దగ్గరికి లాక్కుని కలుపుకున్నాడు.

ఆ ఏడు వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఒక ముసలావిడ వచ్చింది. సాధారణంగా డబ్బాలు వార్డు నుంచో ఓపీ నుంచో ట్రేలో వస్తాయి. ఈమె మాత్రం తన డబ్బా తానే కొంగు కింద దాచుకుని, దారి అడుగుతూ అడుగుతూ డబ్బాలు తీసుకునే మా కిటికీ దాకా వచ్చింది. మేమిద్దరం మాట్లాడుకోవడం విని మొహం విప్పారింది.

"మీరు మనోళ్ళేనా పాపా? మాది మురుంగపాక్కం. మా తాతల తాతలప్పుడే వచ్చి ఈడ పడినాం."

చిన్నప్పటి నుంచీ వరి మడిలోనే బతికానని చెప్పింది. కాలికి చెప్పు వేసింది ఈ మధ్యనేనట. ఆరు నెలలుగా ఆయాసం, ఈల వేసినట్టు ఊపిరి. రక్తంలో ఎలర్జీ కణాలు బాగా పెరిగి ఉన్నాయని చీటీలో రాసి ఉంది. ఛాతీ డాక్టర్ స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెడదామనుకుని, ముందు కడుపులో పురుగులేవీ లేవని తేల్చుకోవడానికి మా దగ్గరకు పంపాడు.

ముసలావిడ వెళ్ళబోతూ నడుము దగ్గర చీర కొంచెం పక్కకు తీసి చూపించింది. చర్మం మీద ఎర్రగా, వంకరగా ఒక గీత.

"దీనికేమన్నా పూత మందు ఇస్తారా? ఒకటే దురద. పొద్దున ఈడుండె, ఇప్పుడు ఆడికి పొయ్యుండాది చూడు."

ఆమె వెళ్ళాక అమ్మాయి నా వైపు తిరిగింది. "అక్కా, గీత జరగతా ఉండాదంట. చర్మం కింద పురుగుపిల్ల పాకితే గదా అట్లా జరిగేది?"

"చెమటకాయలు. గోక్కుంటే గీతలు పడతాయి" అన్నాను.

ఆమె దేని గురించి అంటోందో నాకు తెలుసు. స్ట్రాంజిలాయిడిస్ అని ఒక సన్నటి పురుగు ఉంది. తడి మట్టిలోంచి వట్టి కాళ్ళ ద్వారా ఒంట్లోకి వెళుతుంది. మిగతా పురుగుల్లా కొన్నేళ్ళుండి చచ్చిపోదు. దాని పిల్లలు బయటికి పోకుండానే మళ్ళీ అదే మనిషిలోకి చొరబడి, ముప్ఫై నలభై ఏళ్ళు కూడా చప్పుడు లేకుండా కాపురం చేస్తాయి. అలాంటి మనిషికి స్టెరాయిడ్ ఇస్తే ఒంట్లో కాపలా తగ్గిపోతుంది, పురుగు వేలల్లో పెరిగి ఊపిరితిత్తుల దాకా పోతుంది. ప్రాణం తీస్తుంది. చిక్కేమిటంటే, మలంలో దాని పిల్లలు చాలా తక్కువగా, అదీ ఒకరోజు ఉండి ఒకరోజు లేకుండా వస్తాయి.

నేను రెండు రోజులు రెండు నమూనాలు చూశాను. ఏమీ కనబడలేదు. మేడమ్ గదిలో ఆ మాట చెబుతున్నప్పుడు అమ్మాయి గొంతు సవరించుకుంది.

"మేడమ్, ఆగర్ ప్లేట్ పెట్టి చూడొచ్చా? మూడో నమూనా ఎలాగూ వస్తుంది."

ఆగర్ ప్లేట్ అంటే జున్నులా గడ్డకట్టిన సన్నటి పొర పోసిన గుండ్రటి మూత డబ్బా. మధ్యలో కొంచెం నమూనా పెట్టి, మూత చుట్టూ టేపు వేసి, రెండు మూడు రోజులు ఉంచుతారు. పురుగు పిల్లలుంటే ఆ పొర మీద పాకుతాయి. పాకుతూ తమతో పాటు బాక్టీరియాను ఈడ్చుకుపోతాయి. ఆ దారి వెంట బాక్టీరియా చిన్న చిన్న చుక్కలుగా మొలుస్తుంది. పురుగు కనబడకపోయినా దారి కనబడుతుంది. మా దగ్గర అది ఎవరూ చేయడం లేదు. శ్రమ ఎక్కువని నేనే మానేయించాను.

"మంచి ఆలోచన. పెట్టు" అన్నారు మేడమ్. నా వైపు చూడను కూడా లేదు.

మంగళవారం పెట్టింది. టేపు ఎంత శ్రద్ధగా వేసిందో, ఎక్కడా ముడత లేదు. బుధవారం ఏమీ లేదు, గురువారం ఏమీ లేదు. ఆ రెండు రోజులూ నా మనసు ఎంత తేలికగా ఉందో చెప్పడానికి సిగ్గుగా ఉంది.

శుక్రవారం పొద్దున మేమిద్దరమే ఉన్నాం. ఆమె ప్లేట్‌ను కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుంది.

"అక్కా, ఇట్రా. ఇదేందో చూడు."

చూశాను. మధ్యలో నుంచి అంచు వైపు, పాము పోయినట్టు, వంపులు వంపులుగా చుక్కల వరస. అది తిరిగి వెనక్కి వచ్చి తన దారినే దాటుకుని ఇంకో వైపు పోయింది. పక్కన ఇంకొకటి, ఇంకా సన్నగా. పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారంటే ఒక్కసారి, పెద్దాయన ఉన్న రోజుల్లో, అలాంటిది చూశాను.

"చీమ పాకింది" అన్నాను.

"చీమా?"

"ఎర్ర చీమలు. టేపు సరిగ్గా వెయ్యకపోతే దూరతాయి. కాళ్ళకు అంటుకున్నదంతా ఇట్లా మొలస్తాది. నాకు తెలీదా?"

ఆమె టేపు వైపు చూసుకుంది. తర్వాత నా వైపు. "ఒకసారి స్కోప్ కింద పెట్టి చూద్దామా?"

"చీమ నడిచిన మురికిని స్కోప్ కింద పెడతావా? మేడమ్ వచ్చి చూస్తే ప్లేట్ కూడా సరిగ్గా పెట్టడం రాలేదంటారు. పడెయ్ ముందు."

"సరి అక్కా" అంది. తన చేత్తోనే తీసుకెళ్ళి ఆటోక్లేవ్ డబ్బాలో పడేసింది. ఆవిరిలో ఉడికించాకే మా దగ్గరి చెత్త బయటికి పోతుంది.

పదకొండు గంటలకు మేడమ్ అడిగారు. ఆ అమ్మాయి నోరు తెరిచేలోపే నేను చెప్పాను, ప్లేట్ పాడైందని, మూడు నమూనాలూ చూశామని, ఏమీ లేదని. మేడమ్ రిపోర్టు మీద సంతకం పెట్టారు. అమ్మాయి తల దించుకుని నిలబడింది. తన చేతకానితనానికి సిగ్గుపడుతోంది, పాపం.

ఆ మధ్యాహ్నం నాకు బాగా ఆకలేసింది. ఆమెను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని నా మామిడికాయ ఊరగాయ పెట్టాను. "ఏం పరవాలేదు, మొదట్లో నాకూ ఇట్లాంటివి జరిగినాయి" అని ఓదార్చాను కూడా. నాలుగు గంటలకు ఆటోక్లేవ్ కూత పెట్టింది.

శనివారం పొద్దున, ఎందుకో తెలియదు, అలమరలోంచి పాత బొమ్మల పుస్తకం తీశాను. విషయసూచిక చూడలేదు, పేజీలు తిప్పి వెతకలేదు. నా చెయ్యి తిన్నగా ఆ పేజీ దగ్గరే తెరిచింది. అదే చుక్కల వరస, అవే వంపులు. పేజీ ఎక్కడుందో చేతికి తెలుసంటే, నిన్న ఆ ప్లేట్ చూసినప్పుడు కంటికి తెలియదని ఎలా అనుకోను? పొరపాటు పడ్డానని నాకు నేను చెప్పుకోవడానికి అప్పటిదాకా ఉన్న దారి అక్కడితో మూసుకుపోయింది.

రిజిస్టర్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేశాను. మోగుతోంది గానీ ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఓపీలో కనుక్కుంటే, రిపోర్టు చూసి నిన్న సాయంత్రమే మాత్రలు రాసి పంపేశారన్నారు. శనివారం ఒంటిపూట. ఒంటిగంటకు పని ముగించి, ఇంటికి పోకుండా బస్సెక్కి మురుంగపాక్కంలో దిగాను. వాన నీళ్ళు ఇంకా సందుల్లో నిలిచే ఉన్నాయి. ఇద్దరిని అడిగితే ఇల్లు చూపించారు.

ముసలావిడ అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. ప్రతి రెండు గింజలకు ఒకసారి ఆగి ఊపిరి పీల్చుకుంటోంది.

"ఎవురూ? ఆసుపత్రి పాప గదా! ఇంత దూరం వచ్చినావే, యాడికి పోతా ఉండావు?"

"నీ దగ్గరికే అవ్వా. ఆ మాత్రలు వేసుకున్నావా?"

"పొద్దున ఇడ్లీ తిని వేసుకున్నా. రేపటి నుంచి ఆయాసం తగ్గతాదని చెప్పినాడు డాక్టరు."

నేను డాక్టర్‌ని కాదు. మందు ఆపమని చెప్పే హక్కు నాకు లేదు. వీధి మలుపు దాకా వెళ్ళి మేడమ్‌కు ఫోన్ చేశాను. తమిళంలో మొదలుపెట్టాను గానీ మాటలు అడ్డం పడ్డాయి.

"మేడమ్, ఆ ప్లేట్‌లో పాకింది చీమ కాదు."

"ఏ ప్లేట్? ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు?"

చెప్పాను. దారులు స్పష్టంగా ఉన్నాయని, పడేయమన్నది నేనేనని చెప్పాను.

"పొరపాటు పడ్డారా?"

ఆ ఒక్క మాట పట్టుకుని ఒడ్డెక్కి ఉండొచ్చు. "లేదు మేడమ్. నిన్ననే తెలుసు."

"ఎందుకు?" అన్నారు.

"ముందు చూసింది ఆ అమ్మాయి కాబట్టి."

మేడమ్ నన్ను తిట్టలేదు. ఎన్ని మాత్రలు వేసుకుందని మాత్రం అడిగారు. ఒక్క పూటే అని చెప్పాను. "ఆమెను వెంటనే తీసుకురండి. కొత్త నమూనా కూడా కావాలి. ఛాతీ డాక్టర్‌తో నేను మాట్లాడతాను. ఆమెను భయపెట్టకండి" అని పెట్టేశారు.

ఆటోలో ముసలావిడ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఈ కాలంలో ఇంటి దాకా వచ్చి తీసుకుపోయేవాళ్ళు ఎవరున్నారని, మనోళ్ళు మనోళ్ళేనని, దారంతా చెబుతూనే ఉంది.

మేడమ్ అప్పటికే అమ్మాయిని ఇంటి నుంచి పిలిపించారు. తలంటుకుని ఉంది, జుట్టు ఇంకా ఆరలేదు. మేడమ్ ఆమెను పక్క గదిలోకి తీసుకెళ్ళి మాట్లాడారు. తిరిగొచ్చి నా మొహం చూడకుండా చేతి తొడుగులు వేసుకుంది. మూడు రోజులు ఆగే తీరిక లేదు కాబట్టి గరాటు పద్ధతి పెట్టమన్నారు. గాజు గరాటుకు కింద రబ్బరు గొట్టం, దానికో క్లిప్పు. లోపల గోరువెచ్చటి నీళ్ళు. పైన పల్చటి కట్టుగుడ్డలో నమూనా, నీళ్ళకు తగిలేలా. వెచ్చదనానికి పురుగు పిల్లలు గుడ్డలోంచి బయటికొచ్చి నీళ్ళలో పడతాయి. ఈదలేక అడుక్కి దిగుతాయి.

రెండు గంటలు కూర్చున్నాం. ముసలావిడను పైన వార్డులో చేర్చుకున్నారు. తర్వాత అమ్మాయి క్లిప్పు వదిలి అడుగు నీళ్ళు పట్టి, గిర్రున తిప్పే యంత్రంలో వేసి, మిగిలిన చుక్కను గాజు మీద పెట్టింది. మైక్రోస్కోప్ మీదికి వంగింది. రెండో వరసలోనే ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

"ఉండాది" అంది, తెలుగులోనే, మేడమ్ ఎదురుగా ఉన్నారని కూడా మర్చిపోయి.

మేడమ్ చూశారు. తర్వాత నన్ను చూడమన్నారు. గొట్టాల దూరాన్ని సరిచేసుకుని చూశాను. కొరడా విదిలించినట్టు కొట్టుకుంటోంది. పొట్టి నోరు, ఒంటి మధ్యలో గింజలాంటి గుర్తు. సందేహమే లేదు. ఒక మనిషి బతికే దారి దొరికింది. ఆ క్షణంలో నాకు కలిగిన మొదటి ఆలోచన రాయకపోతే ఇదంతా రాయడం దండగ. ఇది నేను చూసి ఉండాల్సింది అనుకున్నాను. ముసలావిడ గుర్తొచ్చింది ఆ తర్వాతే.

స్టెరాయిడ్ ఆపి, ఆ పురుగుకు పనిచేసే మాత్రలు ఇచ్చారు. ఒక్క పూట మందుతో ప్రమాదమేమీ జరగలేదు. నడుము మీది గీత మళ్ళీ కనబడలేదు. ఆయాసం కూడా తగ్గుతూ వచ్చింది.

నేను జరిగిందంతా కాగితం మీద రాసిచ్చాను. నన్ను మైక్రోస్కోప్ దగ్గర్నుంచి తీసి డబ్బాలు తీసుకునే కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. అది తగినదే. ఒకరోజు చేతులు కడుక్కునే చోట మేమిద్దరమే మిగిలాం. నేనే మొదలుపెట్టాను.

"నీ కళ్ళు చూసి నేను ఓర్చుకోలేకపోయినా. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు."

ఆమె కుళాయి ఆపలేదు. "నువ్వు చూసి అబద్ధం రాసుకుని ఉంటే అది వేరే అక్కా. నా చేత పడేయించినావు. నా చేత్తో పడేసినా. ఆ ముసలామె చచ్చిపోయుంటే? టేపు నేనే సరిగ్గా వెయ్యలేదని అంతా అనుకుని ఉందురు. నేనూ అట్లే అనుకుని ఉందును."

"తప్పే."

"తప్పే అంటే అయిపోయిందా?"

తడి చేతులు తుడుచుకోకుండానే వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎవరి అన్నం వాళ్ళం తిన్నాం.

కొన్ని నెలలకు ఆసుపత్రి డాక్టర్ల సమావేశంలో ఆమె ఈ కేసు చెప్పింది. మేడమ్ నన్నూ వెళ్ళమన్నారు. తెర మీద పురుగు పిల్ల బొమ్మ గోడంత కనబడింది. ఒక డాక్టర్ లేచి, మామూలు పరీక్షలో ఎందుకు కనబడలేదని అడిగాడు.

"రెండు నమూనాలు అనుభవమున్న మనిషే చూశారు. ఈ పురుగు పిల్లలు ఒక్కోరోజు అసలు రావు" అని ఇంగ్లీషులో చెప్పింది. చీమ మాట ఎత్తలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, ఈసారి చేతులతో. నా పరువు నిలబెట్టినందుకు ఆమె మీద ప్రేమ పుట్టాలి కదా. అంత నిబ్బరం కూడా ఆమెకే ఉండాలా అనిపించింది.

నన్ను మళ్ళీ మైక్రోస్కోప్ దగ్గరికి రానిచ్చారు. ఇప్పుడు మా దగ్గర ఏ ప్లేటూ ఇద్దరు చూడకుండా పడేయరు. కళ్ళజోడు సంగతి మేడమ్‌కు చెప్పాను. జోడుతోనే చూడ్డానికి వీలైన గొట్టాలు తెప్పించారు. అంత చిన్న సంగతి ముందే చెప్పి ఉండొచ్చు.

మొన్నామధ్య ముసలావిడ చూపించుకోవడానికి వచ్చి మా కిటికీ దగ్గర నిలబడింది. మెట్లెక్కి వచ్చినా ఆయాసపడలేదు. చేతిలో సంచీ నిండా మునక్కాయలు.

"మా ఇంటికొచ్చి నన్ను కాపాడిన పాప యాడ?" అని గట్టిగా అడిగింది.

అమ్మాయి నా వెనకే ఉంది. తిరిగి చూశాను. ఆమె మొహంలో కనబడింది నాకు బాగా తెలిసిన సంగతే. పెదవులు బిగించుకుని, చేతిలోని కాగితాలను అవసరం లేకపోయినా సర్దుతోంది.

"ఆ పురుగును చూసింది నేను" అంది నాకు మాత్రమే వినబడేలా.

"అవ్వా" అన్నాను. "నీ రోగం కనిపెట్టింది ఈ అమ్మాయి. నేను దాన్ని కాదన్నా. ఏమీ లేదని రిపోర్టు పోయింది నా వల్లనే. మళ్ళీ భయం పట్టుకుని మీ ఇంటికొచ్చినా."

ముసలావిడ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఎంత అర్థమైందో తెలియదు. నా వైపు చాచిన సంచీని కొంచెం వెనక్కి తీసుకుంది. కిటికీలోంచి చెయ్యి పక్కకు జరిపి ఆమెకు అందించింది.

"అట్లనా. అయితే నీకు పాపా. పులుసు పెట్టుకోండి, మా చెట్టువి."

సంచీ ఆమె చేతికి పోతుంటే నాకు మనసులో కలుక్కుమంది. అబద్ధమెందుకు.

సాయంత్రం ఆమె ఆ సంచీ మొత్తం పట్టుకుని నెల్లితోపు బస్సెక్కింది. నాకు ఒక్క కాయ కూడా ఇవ్వలేదు. అది న్యాయమేలే అనుకుంటూ నేను ఉప్పళం వైపు నడిచాను.